ఇంటిపేరు పక్కన చుక్క

2024 సంక్రాంతి వెళ్లిన వారానికి మా అమ్మాయి మస్కట్ నుంచి ఫోన్ చేసి, తనకి మూడో నెల అని చెప్పింది. అక్కడ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు అది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలనేది మా వైపు ఎవరూ ఎదురు చెప్పని మాట. కానీ దానికి అన్ని రోజులు సెలవు దొరకదు. "నేను రాలేనమ్మా, నువ్వే రా. ముందు పాస్‌పోర్టు తీసుకో" అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మిషను ముందు అట్లాగే కూర్చుండిపోయాను. నాకు నలభై ఆరో ఏడు. నేను పోయిన దూరం చెన్నై, అదీ మా అత్తకి కంటి ఆపరేషన్ చేయించడానికి. మాది కందుకూరు. ఇరవై రెండేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడుతున్నాను. మా ఆయన వేలం సీజన్‌లో పొగాకు బేళ్లు మోసే పని చేస్తారు. ఇంట్లో పాస్‌పోర్టు ఉన్నది అమ్మాయి ఒక్కదానికే. అది కూడా కాలేజీలో ఉండగా స్నేహితులతో కలిసి పోయి చేయించుకుంది కాబట్టి ఆ పని ఎట్లా జరుగుతుందో మాకు తెలియదు.

మొత్తం మీద నాకు నాలుగున్నర నెలలు పట్టింది. అందులో పాస్‌పోర్టు పని నెలన్నర. మిగతా మూడు నెలలూ నా పేరుకే సరిపోయాయి. నాలాంటి ఆడవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు, పిల్లలు బయట దేశాల్లో ఉన్నవాళ్లు. వాళ్లకి ఆ మూడు నెలలు మిగలాలనే ఇదంతా రాస్తున్నాను.

ఆ రాత్రి ఇనప్పెట్టె తెరిచి కాగితాలన్నీ మంచం మీద పరిచాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా పేరుకు ముందు మా నాన్న ఇంటిపేరులో మొదటి అక్షరం, పక్కన చుక్క. ఆధార్‌లో మా ఆయన ఇంటిపేరులో మొదటి అక్షరం, పక్కన చుక్క. రేషన్ కార్డులో ఆ అక్షరం కూడా లేదు, పేరొక్కటే, అదీ సగం. ఓటరు కార్డులో ఇంగ్లీషు స్పెల్లింగు వేరు. పుట్టిన తేదీ చూస్తే ఇంకా దిగులేసింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో 1978 ఆగస్టు అని ఉంటే, ఆధార్‌లో 1976 జనవరి 1 అని ఉంది. ఆధార్ కొత్తల్లో మా వీధిలో క్యాంపు పెట్టినప్పుడు "వయసెంతమ్మా" అని అడిగి, చెప్పిన వయసుని బట్టి ఏడాది లెక్కేసి జనవరి 1 వేసుకుపోయారు. మా వీధిలో ఎంతోమంది ఆడవాళ్ల కార్డుల్లో ఇప్పటికీ అదే జనవరి 1 ఉంది. రేపు వాళ్లలో ఎవరికి పాస్‌పోర్టు అవసరం పడినా ఇదే చిక్కు వస్తుంది.

ఏది నిజమో తేల్చుకోవాలని మా అమ్మని అడిగాను. "దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు, శ్రావణ మాసంలో. ఆ రోజంతా ముసురు" అంది. ఉప్పెన వచ్చింది 1977 నవంబరులో. అంటే బడిలో అయ్యవారు రాసిందే సరైన తేదీ.

తేదీ సంగతి సరే. నన్ను లోపల పట్టి కుదిపింది పేరు. కాగితాలన్నీ తిరగేసినా ఒక్కదాంట్లో కూడా నా పేరు పూర్తిగా లేదు. ఇంటిపేరు విడమరిచి, నా పేరు చివరి అక్షరం దాకా రాసిన కాగితం నలభై ఆరేళ్లలో ఒక్కటీ లేదు. ఒక అక్షరం, ఒక చుక్క. పెళ్లికి ముందు ఒక అక్షరం, పెళ్లి తర్వాత ఇంకో అక్షరం. అంతే.

మర్నాడు ఒక నెట్ సెంటర్‌కి పోయాను. నాలుగు వేలు అవుతుందన్నారు. మామూలు పాస్‌పోర్టుకి, అంటే 36 పేజీలదానికి, ఫీజు 1500 రూపాయలని అమ్మాయి ముందే చెప్పింది. మిగతాది దేనికి బాబూ అంటే "అన్నీ మేమే చూసుకుంటాం ఆంటీ" అన్నాడు ఆ అబ్బాయి. చూసుకుంటున్నది ఏమిటంటే, ఆధార్‌లో ఉన్నట్టే అక్షరమూ చుక్కా కొట్టి, పుట్టిన తేదీ జనవరి 1 వేసి పంపించేయడం. పక్కనే కూర్చుని చూస్తున్నాను కాబట్టి ఆపగలిగాను. దాని టైపింగుకి రెండు వందలు ఇచ్చి వచ్చేశాను. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు. ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి ఉంటాయి, రెండూ విడమరిచి రాయాలి. ఆ సంగతి ఆ రాత్రి అమ్మాయి చెప్తేనే తెలిసింది. విదేశాంగ శాఖ వెబ్‌సైటు పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్. అట్లాంటి పేర్లతోనే నకిలీవి చాలా ఉన్నాయి, చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోకుండా డబ్బు కట్టొద్దని కూడా అదే చెప్పింది.

తత్కాల్‌లో వేద్దామా అనుకున్నాం. ఇంకో 2000 ఎక్కువ కట్టాలి. డబ్బు ఎట్లాగో సర్దేవాళ్లం. కానీ కాగితాలు ఒకదానితో ఒకటి కలవకుండా తత్కాల్‌లో పోయినా వెనక్కి పంపిస్తారు. నిదానంగానే చేద్దామనుకున్నాం.

ముందు ఆధార్ సరిచేయించడానికి పోయాను. యాభై రూపాయలు తీసుకుని, పదో తరగతి సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపారు. పన్నెండు రోజులకి తిరస్కరించినట్టు మెసేజ్ వచ్చింది. సర్టిఫికెట్‌లో పేరు, ఆధార్‌లో పేరు ఒకటి కాదట. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. రెండు పేర్లూ నావే. అది నిరూపించే కాగితం నా దగ్గర లేదు.

ఆ రెండు పేర్లనీ కలిపేది పెళ్లి సర్టిఫికెట్. మా పెళ్లి 1997లో మాలకొండ మీద జరిగింది. ఆ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కాబట్టి పెళ్లి కూడా శనివారమే. రిజిస్టరు చేయించాలని ఆ రోజుల్లో మాకెవరూ చెప్పలేదు. ఇరవై ఏడేళ్ల తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పోయి మా పెళ్లి రిజిస్టరు చేయమని అడగాలంటే మా ఆయనకి మొహమాటం. "ఈ వయసులో ఏందిది" అన్నారు. "మనవడినో మనవరాలినో చూడాలని లేదా" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

ఆఫీసులో శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు రుజువులు, సాక్షులు కావాలన్నారు. శుభలేఖ మా అన్న ఇంట్లో దొరికింది. పెళ్లినాడు మూలలకి రాసిన పసుపు ఇంకా అట్లాగే ఉంది, గోధుమరంగుకి తిరిగి. ఫొటోలో నేను తల వంచుకుని ఉన్నాను, బాసికం తప్ప మొహం సరిగ్గా కనపడదు. ఇది పనికొస్తుందా అని భయపడ్డాను. ఒప్పుకున్నారు. మా అన్న, మా బావగారు, ఆ రోజు కొండకి వచ్చిన ఇంకో పెద్దాయన సాక్షి సంతకాలు పెట్టారు. పెళ్లికూతురి పేరు అన్నచోట పుట్టింటి ఇంటిపేరుతో సహా మొత్తం రాయమన్నారు. ఆ సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆఫీసు మెట్ల మీదే నిలబడి చదువుకున్నాను. నా పేరు మొదటిసారి చుక్క లేకుండా ఉంది.

దాన్ని జత చేసి ఆధార్‌కి మళ్లీ పెడితే ఈసారి పేరు, తేదీ రెండూ మారాయి. ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే ఉంటుంది. పేరు రెండుసార్లు. తొందరపడి తప్పు తేదీతో మార్పించుకుంటే ఆ తర్వాత చాలా ఇబ్బంది.

అదే సమయంలో అడ్రసు కూడా మార్పించాను. మా ఇల్లు కదల్లేదు, జిల్లా కదిలింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కందుకూరుని ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపారు. నా ఆధార్‌లో మాత్రం ప్రకాశం అనే ఉంది. దరఖాస్తులో జిల్లా, పోలీస్ స్టేషన్ ఎంచుకోవాలి, పోలీసుల విచారణ దాన్ని బట్టే వస్తుంది. మా స్టేషన్ అప్పటికి నెల్లూరు ఎస్పీ కిందికి పోయింది కాబట్టి కాగితాల్లో కూడా నెల్లూరు ఉండాలనుకున్నాను. మా అత్త ఇది విని "మనం మొదట్లో నెల్లూరోళ్లమేగా" అంది. నిజమే, 1970లో ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) ఏర్పడేదాకా కందుకూరు తాలూకా నెల్లూరులోనే ఉండేది.

ఏప్రిల్ మధ్యకి కాగితాలన్నీ కుదిరాయి. ఒక రాత్రి వీడియో కాల్‌లో అమ్మాయి అక్కడ నింపుతుంటే నేను ఇక్కడ కార్డులు చూసి ఒక్కొక్క అక్షరం చెప్పాను. తండ్రి పేరు, తల్లి పేరు, భర్త పేరు, అన్నీ ఇంటిపేరుతో పూర్తిగా. మన గురించి తెలిసిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వాలి. ఇరుగూ పొరుగూ ఇచ్చాను, వాళ్లకి ముందే చెప్పి. పుట్టుమచ్చలాంటి గుర్తు ఏదైనా ఉందా అని ఒక ప్రశ్న. ఎడమ చేతి చూపుడు వేలి మీద సూది దిగిన మచ్చ రాయించాను. మిషను సూది గోరులోంచి దిగి కిందికి వచ్చింది పదేళ్ల కింద. ఆ మచ్చ నాకు అట్లా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఫీజు కట్టాక స్లాట్ ఎంచుకోవాలి. దేశంలో ఏ పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికైనా పోవచ్చు, సొంత ఊరికి దగ్గర్లోదే కావాలని లేదు. మాకు తిరుపతిలో ఏప్రిల్ నాలుగో వారం బుధవారం దొరికింది. ముందురోజు రాత్రి సింగరాయకొండలో రైలెక్కాం. కొండకి కూడా పోయొద్దామన్నారు మా ఆయన. మనసులో ఈ టెన్షన్ పెట్టుకుని దర్శనం వద్దు, పాస్‌పోర్టు వచ్చాక వద్దాం అన్నాను.

కేంద్రంలోకి దరఖాస్తుదారుల్నే పంపుతారు. మా ఆయన బయట చెట్టు కింద ఆగిపోయారు. నేను ఒక్కదాన్నే ఫైలు గుండెకి అదుముకుని లోపలికి పోయాను. ముందు కాగితాలు చూసి టోకెన్ ఇచ్చారు. ఏ, బీ, సీ అని మూడు రకాల కౌంటర్లు. గోడ మీద తెరలో మన టోకెన్ నంబరు, కౌంటరు నంబరు పడతాయి. కళ్లు ఆ తెర మీదే పెట్టుకుని కూర్చున్నాను.

ఏ కౌంటర్లో మా అమ్మాయి వయసు పిల్ల ఉంది. ఫొటో వాళ్లే తీస్తారు, మనం తీసుకుపోనక్కర్లేదు. కాగితాలు స్కాన్ చేసింది. తర్వాత వేలిముద్రలు. కుడిచేయి పడింది. ఎడమచేయి పడలేదు. మళ్లీ పెట్టమంది, మళ్లీ పడలేదు. రేషన్ బియ్యం దగ్గర కూడా నాకు ఇదే గొడవ. ఇరవై రెండేళ్లు గుడ్డ నొక్కిపట్టి మిషను కింద తోసిన వేళ్లు, కొసలు నున్నగా అరిగిపోయాయి. చూపుడు వేలి మీద ఆ మచ్చ ఒకటి. నా వెనక ఎవరి టోకెన్ పిలుస్తారోనని కంగారు, అరచేతులు చెమట. ఆ పిల్ల లేచి, ఒక గుడ్డతో ఆ అద్దం తుడిచి, నా చేతిని తన చేతిలోకి తీసుకుని ఒక్కొక్క వేలూ తుడిచింది. "టైలరింగ్ చేస్తారా ఆంటీ? మా అమ్మ కూడా చేస్తుంది. గట్టిగా నొక్కొద్దు, ఊరికే ఆనించండి" అంది. నాలుగోసారి పడింది. తెర మీద నా పేరు చూపించి, స్పెల్లింగు అక్షరం అక్షరం సరిచూసుకోమంది. ఇక్కడ తొందరపడొద్దు. అక్కడ సరే అన్నదే పదేళ్లు ఉంటుంది. నేను రెండుసార్లు చదివాను.

సంతకం తెలుగులో పెట్టొచ్చా అని అడిగాను. మీరు మామూలుగా ఎట్లా పెడతారో అట్లాగే పెట్టమంది. తెలుగులోనే పెట్టాను.

బీ కౌంటర్లో ఒరిజినల్స్ చూస్తారు. ఆయన పదో తరగతి సర్టిఫికెట్ తీసి "ఇక్కడ వేరే ఇంటిపేరు ఉందే" అన్నారు. ఆ ప్రశ్న కోసమే నేను మూడు నెలలు తిరిగాను. పెళ్లి సర్టిఫికెట్ ముందుకు జరిపాను. చదివారు, తలూపారు, స్టాంపు వేశారు. అర నిమిషం.

ఆ పదో తరగతి కాగితం రెండో పని కూడా చేసింది. గల్ఫ్ దేశాలు, మలేషియా లాంటి 18 దేశాలకి ఉద్యోగానికి పోయేవాళ్లకి 1983 నాటి వలసల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి కావాలి. పది పాసైనవాళ్లకి మామూలుగా అది అక్కర్లేదు. పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరం అని అచ్చు వేస్తారు. నాలాగా కూతురిని చూడటానికి పోయేవాళ్లకి దానితో పని లేదు గానీ, పది పాసై ఉండి కూడా సర్టిఫికెట్ చూపించక ఆ ముద్ర వేయించుకున్నవాళ్లు ఉన్నారు. తర్వాత తీయించుకోవాలంటే మళ్లీ తిరగాలి. మా నాన్న నాకు పెళ్లి చూపులు వచ్చినా "పది రాయనివ్వండి" అని ఆపాడు. ఆ కౌంటరు ముందు ఆయన గుర్తొచ్చాడు.

సీ కౌంటర్లో రెండు మాటలు అడిగి పంపించేశారు. బయటికి వచ్చేసరికి రెండు గంటలైంది. మా ఆయన నన్ను చూడగానే లేచి నిలబడి "అయిందా" అన్నారు. ఫైలు నంబరున్న కాగితం చూపించాను.

పోలీసుల విచారణ మొదలైనట్టు మెసేజ్ వచ్చింది గానీ ఎవరూ రాలేదు. మే 13న పోలింగ్, అందరూ ఎన్నికల డ్యూటీల్లో ఉన్నారు. అమ్మాయికి ఏడో నెల దగ్గరపడుతోంది. రోజూ పొద్దున్నే ఫోన్‌లో స్టేటస్ చూడటం, అదే మాట కనపడటం. పోలింగ్ అయిన తర్వాతి వారం స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ ఫోన్ చేసి, మర్నాడు ఇంటికి వచ్చారు. కాగితాలు చూసి, ఎన్నేళ్లుగా ఉంటున్నామో అడిగి, పక్కింటి పెద్దమ్మని పిలిచారు.

"ఈమె మీకు తెలుసా?"

"ఎందుకు తెలవదయ్యా, మిషనక్క."

"పేరేంటమ్మా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. పద్దెనిమిదేళ్లుగా మా గోడ పక్క గోడ. నా చేత్తో కుట్టిన జాకెట్టే ఆమె ఒంటి మీద ఉంది. "ఏందిమే నీ పేరు?" అంది, గొంతు తగ్గించి. దరఖాస్తులో ఇరుగుపొరుగుగా ఇచ్చింది ఆమె కొడుకు పేరు, అతను వచ్చి చెప్పాడు. కానిస్టేబుల్ గారు మంచి మనిషి, "వీధిలో అందరూ అట్లాగే పిలుస్తారు లేమ్మా, అలవాటే" అని రాసుకుపోయారు. ఆ రాత్రి పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుని, నా పేరు మూడుసార్లు పలికించుకుని పోయింది. దరఖాస్తులో పేర్లు ఇచ్చినవాళ్లకే కాదు, చుట్టుపక్కల ఇంకో ఇద్దరికి కూడా ముందే మన పూర్తి పేరు చెప్పి ఉంచండి.

ఆ తర్వాత చకచకా జరిగింది. మంజూరైనట్టు ఒక మెసేజ్, స్పీడ్ పోస్టులో పంపినట్టు ఇంకో మెసేజ్. ఎన్నికల ఫలితాలు వచ్చిన రెండో రోజు పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. పాస్‌పోర్టు మనిషిని చూసి చేతికే ఇవ్వాలి, ఇంట్లోవాళ్లకి ఇవ్వరు. కవరు మీద పేరు గట్టిగా చదివాడు, ఇంటిపేరుతో సహా. "నేనే" అన్నాను. ఆధార్ చూసి, సంతకం పెట్టించుకుని ఇచ్చాడు.

మా అమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. కవరు చింపి, కళ్లకద్దుకుని, మొదటి పేజీ చూపించాను. ఫొటో కింద నా తెలుగు సంతకం అట్లాగే అచ్చయి ఉంది. ఆఖరి పేజీ తిప్పితే నాన్న పేరు, దాని కింద అమ్మ పేరు, దాని కింద మా ఆయన పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో నాన్న పేరొక్కటే ఉండేది. అమ్మకి చదువు రాదు.

"ఇది నీ పేరమ్మా" అన్నాను.

"నాదెందుకు రాశారే? నేనెక్కడికీ పోవట్లేదుగా" అంది. కాసేపాగి "ఏదీ, ఎక్కడ?" అని అడిగింది. ఆమె వేలు పట్టుకుని ఆ వరస మీద మొదటి నుంచి చివరి దాకా నడిపించాను.

వీసాకి ఆఖరి పేజీ ఫొటో కూడా కావాలని అమ్మాయి అడిగితే పంపించి, ఆ సాయంత్రమే బజారుకి పోయాం నేనూ అమ్మా. బాలింత కాయానికి శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, పాత బెల్లం. శొంఠి కొమ్ము విరిచి వాసన చూసి ఇది కాదు అది అని అమ్మే ఏరింది.